గోంగూరతో పోటీకి దిగిన బ్లాక్‌కరెంట్లు

అమెరికాలోని రెడ్‌మండ్‌లో నేను అద్దెకున్న ఇంట్లో నా గది సగం భూమిలోకి దిగి ఉండేది. కిటికీ తెరిస్తే పెరటి గడ్డి సరిగ్గా నా ముక్కు ఎత్తులో కనిపించేది. ఆ గడ్డికి అవతల, చెక్క కంచె పక్కన, నడుము ఎత్తున నాలుగు పొదలు ఉండేవి. ఇల్లు అమ్మి వెళ్లిపోయిన పాత యజమానులు ఎప్పుడో నాటినవి. నేను వచ్చిన మొదటి వేసవిలో వాటికి గుత్తులు గుత్తులుగా చిన్న చిన్న నల్ల పండ్లు కాశాయి. ఇంట్లోవాళ్లెవరూ వాటిని ముట్టుకోలేదు. పిట్టలు తిన్నన్ని తిన్నాయి, మిగిలినవి రాలిపోయాయి.

ఇంట్లోవాళ్లంటే ఆంటీ, అంకుల్, ఏడో క్లాసు చదివే వాళ్లమ్మాయి. ఆంటీది గుంటూరు దగ్గర పల్లె, అంకుల్‌ది కరీంనగర్. నేనొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కాంట్రాక్టు మీద టెస్టింగ్ చేసేదాన్ని. అద్దె కింది గదికే అయినా ఆదివారం భోజనం పైన వాళ్లతోనే. ఆ బల్ల దగ్గర నేను మాట్లాడింది తక్కువ, తల ఊపింది ఎక్కువ. మాటలన్నీ తర్వాత కిందికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని. అక్కడ మాత్రం నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు.

ఆ పొదల పేరు నాకు లైబ్రరీలోని ఒక తోటల పుస్తకం చెప్పింది. బొమ్మ చూసి, ఆకు అంచు చూసి, చివరికి ఆకు నలిపి వాసన చూసి, బ్లాక్‌కరెంటే అని తేల్చుకున్నాకే ఒక పండు నోట్లో వేసుకున్నాను. హైదరాబాద్‌లో హాస్టల్ రోజుల్లో ఆ పేరుతో ఊదారంగు ఐస్‌క్రీమ్ తినేవాళ్లం. దానికీ దీనికీ ఉన్న చుట్టరికం చాలా దూరపుది. ముందు పులుపు, వెంటనే వగరు, ఆ వెనక ఎక్కడి నుంచో అడవి వాసన. మొహం చిట్లించుకుని ఇంకోటి కోసుకున్నాను. ఆ వేసవంతా ఆఫీస్ నుంచి రాగానే ఆ పొదల పక్కన కూర్చుని చదువుకోవడం, పేజీకో పండు తినడం. ఆ ఊళ్లో నాకు ఇష్టమైన చోటంటూ ఉంటే అదొక్కటే.

అందుకే మరుసటి ఏప్రిల్‌లో అంకుల్ పార పట్టుకుని అటువైపు నడుస్తుంటే నేను లాండ్రీ గదిలోంచి కింది గుమ్మంలోకి పరుగెత్తాను.

కారణం ఆంటీ గోంగూర. లాండ్రీ గది కిటికీలో, పెరుగు డబ్బాల్లో ఆవిడ నారు పోశారు. ఒక్కో మొక్కా వేలెడు పెరిగింది. గోంగూరకి ఎండ కావాలి. చుట్టూ దేవదారుల్లాంటి పెద్ద పెద్ద ఫర్ చెట్లు నిలబడ్డ ఆ పెరట్లో రోజంతా ఎండ పడే చోట్లు రెండే. ఒకటి అంకుల్ లాన్. దాని ఊసు ఎవరూ ఎత్తరు. ప్రతి శనివారం ఆయన దాన్ని పెళ్లికొడుక్కి క్షవరం చేసినంత శ్రద్ధగా కోసేవారు. రెండోది ఆ పొదలున్న చోటు.

"గివి తినరాదు, ముట్టరాదు," అంటున్నారు అంకుల్. "ఆకు ముట్టుకుంటే పిల్లి పోసినట్టు వాసన. ఎందుకివి, పీకి పారేస్త."

"వేళ్లతో సహా తియ్యండి. మళ్లీ మొలిచాయంటే నా గోంగూరకి బలం ఉండదు."

"నీ గోంగూర గాదు, మా పుంటికూర."

"పేరు మీదే పెట్టుకోండి. ఆకు నాది."

నేను ఉతికిన బట్టల బుట్టతో కింది గుమ్మంలో నిలబడి ఉన్నాను. "వద్దండీ" అని ఎవరో అన్నారు. అక్కడే గడ్డిలో కూర్చున్న వాళ్లమ్మాయితో సహా ముగ్గురూ నావైపే తిరిగేసరికి, అన్నది నేనే అని అర్థమైంది.

"ఏమ్మా, ఏమైంది?" అన్నారు ఆంటీ, తేలు కుట్టిందేమో అన్నట్టు.

"అవి తినొచ్చండీ. పోయినేడు నేను తిన్నాను. పుల్లగా ఉంటాయి."

పులుపు అనే మాటకి గుంటూరు మనిషి ఆగిపోతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆంటీ పెరుగు డబ్బా కింద పెట్టారు.

"ఎంత పులుపు? గోంగూరంతా?"

"దగ్గర దగ్గర," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో ఆ దేవుడికే తెలియాలి.

ఆంటీ కాసేపు పొదల్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. "సరే. ఈ ఏడు ఉంచుదాం. గోంగూర చేసే పని ఇవి చేస్తే ఉంటాయి. చెయ్యలేదంటే అక్టోబర్‌లో మీ అంకుల్ పీకేస్తారు. అన్నంలోకి రావాలి, తెలిసిందా? పప్పో, పచ్చడో. జామ్‌లూ కేకులూ లెక్కలోకి రావు."

"మామ్, దిస్ ఈజ్ లైక్ ఎ కుకింగ్ షో!" అంది వాళ్లమ్మాయి. "అక్కా, నేను నీ టీమ్. బట్ నాకు వంట రాదు."

నాకూ అంతంతమాత్రమే. ఆ సంగతి అక్కడ చెప్పలేదు. అంకుల్ పారని గోడకి ఆనించి, కొంచెం నిరాశగా, లాన్ కోయడానికి వెళ్లిపోయారు. గోంగూర నారు తాత్కాలికంగా ఇంటి వెనక చెక్క అరుగు, అదే డెక్, దాని మీద కుండీల్లోకి మారింది.

మే నెలంతా లైబ్రరీ పుస్తకాలు తిరగేశాను. పండు పూర్తిగా నల్లబడ్డాక కూడా కొన్నాళ్లు ఆగి కోస్తే రుచి అని అన్నీ ఒకే మాట చెప్పాయి. నేను ఓపిగ్గా ఆగుదామనే అనుకున్నాను. జూన్‌లో ఒక శనివారం సరుకులు కొనుక్కుని వచ్చేసరికి ఆంటీ పెరట్లో పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్లో పెద్ద గిన్నె, గిన్నె నిండా పెసరగింజల్లా ఆకుపచ్చ కాయలు. వెనక రెండు పొదలు బోసిపోయి నిలబడి ఉన్నాయి.

సరుకుల సంచి నా చేతిలోంచి జారింది.

"ఏంటమ్మా, అట్టా చూస్తావు? నీ పని సగం చేసి పెడుతుంటే."

"అవి... ఇంకా పండలేదు కదండీ."

"పండినాక ఇంకేముంటది పులుపు? మామిడికాయ పండాక పప్పులో వేస్తామా? చింతకాయ తొక్కు పండిన చింతకాయతో పెడతామా? కాయకున్న విలువ పండుకి ఎక్కడిదమ్మా!"

ఆవిడ తర్కంలో ఎక్కడా లోపం లేదు. నా పుస్తకాలు రాసినవాళ్లకి మామిడికాయ పప్పు తెలియదు, అంతే. ఆ రోజే ఆ కాయలతో కందిపప్పు వండారు. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి పోపు. చూడటానికి ముచ్చటగా ఉంది, పులుపు కూడా నాలిక చివర గిల్లినట్టు తగిలింది. అంకుల్ రెండు ముద్దలు తిని ఆగిపోయారు.

"పప్పుల ఇసుక పడ్డదా ఏంది?"

ఇసుక కాదు, గింజలు. ఒక్కో కాయలో లెక్కలేనన్ని. ప్రతి ముద్దకీ పంటి కింద కరకర. వాళ్లమ్మాయి ఒక గింజని పళ్ల మధ్య నుంచి పీకడానికి బాత్‌రూమ్‌కి వెళ్లి చాలాసేపు రాలేదు.

"పప్పు పోయింది," అన్నారు ఆంటీ, పరీక్ష పేపరు దిద్దుతున్న టీచరులా. "ఇంక పచ్చడి మిగిలింది, పులిహోర మిగిలింది."

నాకు మిగిలినవి రెండు పొదలు.

జూలైలో అవి నల్లబడ్డాయి. ఒక ఆదివారం పులిహోరకి పూనుకున్నాను. గింజల గొడవ లేకుండా పండ్లు ఉడికించి, జల్లెడలో రుద్ది, చిక్కటి గుజ్జు తీశాను. చింతపండు పులుసు ఉడికించినట్టే దాన్ని నూనెలో దగ్గరికి రానిచ్చాను. ఇంగువ పడగానే ఒక వింత జరిగింది. అప్పటిదాకా వంటింట్లో తిరుగుతున్న ఆ పిల్లి వాసన ఇంగువలో కలిసిపోయి, రెండూ కలిసి గుమ్మంటూ మంచి ఆకలి వాసనగా మారాయి. చాలా సంతోషపడ్డాను. అన్నంలో కలిపాక మాత్రం సంతోషం తగ్గింది. పసుపూ ఆ రంగూ కలిసి, కొన్ని మెతుకులు వంకాయ రంగు, కొన్ని ఇటుక రంగు, కొన్ని ఏ రంగో చెప్పలేని రంగు.

"గిది పులిహోరనా, బతుకమ్మనా?" అన్నారు అంకుల్.

"డాడీ, డోంట్ బీ మీన్. ఇట్స్ ప్రెటీ," అంది మా టీమ్.

ఆంటీ కళ్లు మూసుకుని తిన్నారు, రంగు తీర్పుకి అడ్డం రాకూడదని కాబోలు. "పులుపుంది. కానీ పులుపు వెనక తీపి నక్కి కూర్చుంది. బుగ్గన పెట్టుకున్న బెల్లమ్ముక్కలాగా. పులిహోరకి అది పనికిరాదు."

నిజమే చెప్పారు. కాయగా ఉంటే గింజ, పండితే తీపి. కిందికెళ్లి మంచం మీద వెల్లకిలా పడుకుని ఆలోచించాను.

లెక్కలోకి రాకపోయినా ఆ వారమే కాస్త జామ్ కూడా చేశాను, ఊరికే మనసు బాగుండటానికి. మొదటిసారి పండ్లూ పంచదారా ఒకేసారి వేశాను. పండ్ల తోలు గట్టిపడి, జామ్‌లో రబ్బరు బిళ్లలు నమిలినట్టుంది. రెండోసారి కొంచెం నీళ్లతో పండ్లు మెత్తబడేదాకా ఉడికించి, ఆ తర్వాత పంచదార వేశాను. మూత పెట్టేలోపే చిక్కబడింది. వాళ్లమ్మాయి దాన్ని దోసెకి రాసుకుని, దోసెని చుట్టగా చుట్టి వేసవి క్యాంపుకి తీసుకెళ్లి, మొత్తం తినేసి వచ్చింది. ఆ పిల్ల లంచ్ డబ్బా ఖాళీగా ఇంటికి రావడం అరుదు. అక్కడి స్నేహితురాళ్లకి కూడా కావాలట. ఇంకో రోజు ఆంటీ చూడకుండా అంకుల్ చాయ్‌లో ఆ పొదల లేత ఆకులు రెండు వేసి మరిగించాను. ఆయన సగం కప్పు తాగి, "ఇయ్యాల చాయ్ మస్తుంది. యాలకులు మార్చినవా?" అని భార్యని అడిగారు. ఆవిడ ఏమీ మార్చలేదన్నారు. నేను పుస్తకంలో తల దూర్చాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం పొదల దగ్గర కూర్చుని ఉంటే నాకు కనిపించాల్సింది కనిపించింది. ఒక గుత్తిలో పండ్లన్నీ ఒకేసారి పండవు. కొమ్మ దగ్గరివి ముందు నల్లబడతాయి. చివరివి ఇంకా ఎర్రగా, గట్టిగా, పండీ పండనట్టు ఉంటాయి. ఆంటీ చెప్పినట్టు కాయ కాదు, పుస్తకం చెప్పినట్టు పండూ కాదు. దోర. మన జామకాయలకీ రేగుపండ్లకీ మనం వాడే మాట. ఒకటి కొరికి చూశాను. తీపి లేదు. పులుపు నేరుగా చెవుల దాకా వెళ్లింది.

రెండు పొదల మీదా ఉన్న గుత్తుల చివర్లన్నీ గిల్లి తెచ్చి ఆంటీ ముందు పెట్టాను. "తొక్కు పెడదామండీ. చింతకాయ తొక్కులాగా. గింజ నేను తీస్తాను."

ఆంటీ ఒకటి నోట్లో వేసుకుని ఒక కన్ను మూశారు. లేచి, పై అరలో నుంచి పింగాణీ జాడీ దించారు. ఇండియా నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న జాడీ అది. దాన్ని నా చేతికివ్వడానికి ఆవిడకి కొంచెం సమయం పట్టింది.

"తడి చెయ్యి తగిలిందో, చూడు మరి."

చిన్న రోట్లో ఉప్పు, పసుపు వేసి దంచి జాడీకి ఎత్తాను. మూడో నాడు తీసి, ఊరిన ఉప్పురసం పక్కన పెట్టి, మిగిలింది జల్లెడలో రుద్దితే గింజలు పైన, గుజ్జు కింద. ఇప్పుడు మాగాయ ముక్కలకి లాగే ఎండ కావాలి. ఎండ ఎక్కడుంది? లాన్ మీద గడ్డి మధ్యలో పళ్లాలు పెడితే అంకుల్ ఊరుకోరు, పైగా ఉడతలు. డెక్ మీద గోంగూర కుండీలు. చివరికి నాకు తోచింది నా పాత కారు. గుజ్జుని స్టీలు పళ్లాల్లో తాండ్రలా పల్చగా పరిచి, పల్చటి బట్ట కప్పి, డాష్‌బోర్డ్ మీద సర్ది, ఆఫీస్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను, మలుపుల్లో ఎడ్లబండి వేగంతో. ఆఫీస్ పార్కింగ్‌లో నీడ లేని చోటు వెతుక్కుని కారు పెట్టాను. అక్కడ అలాంటి చోటు వెతికిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మధ్యాహ్నం పళ్లాలు తిప్పిపెడుతుంటే మా టీమ్ లీడ్, పొడుగాటి అమెరికన్ ఆవిడ, అటుగా వచ్చి ఆగింది.

"ఈజ్ దట్ ఫుడ్?"

మామూలుగా అయితే నేను నవ్వి, తలూపి, కారు వెనక దాక్కునేదాన్ని. కానీ పళ్లాలు తిప్పడం సగంలో ఉంది, బట్ట గాలికి లేస్తోంది. "పికిల్," అన్నాను. ఆపైన ఉప్పెందుకో, ఎండెందుకో, గింజలెందుకు తీశానో కూడా చెప్పాను. ఆవిడ కారులోకి తల పెట్టి గట్టిగా వాసన పీల్చి, తుమ్మి, "వావ్" అంది. మెచ్చుకోలో భయమో తెలియలేదు. ఆ కారులో ఆ వాసన తర్వాత చాలా కాలం ఉంది.

ఎండిన గుజ్జుని ఊరిన ఉప్పురసంలోనే మళ్లీ కలిపి, వేయించిన మెంతుల పొడి, కారం, దంచిన వెల్లుల్లి వేసి, నువ్వుల నూనెతో ఇంగువ పోపు పెట్టి మూత బిగించాను. ఆపైన చెయ్యడానికేమీ లేదు, ఊరనివ్వడం తప్ప. ఇటు డెక్ మీద గోంగూర జానెడు ఎదిగి, నీడలో ముడుచుకుని కూర్చుంది. ఆంటీ రోజూ కుండీలని ఎండ వెంట ఈడ్చేవారు. ఆవిడ అలా ఈడుస్తున్నప్పుడల్లా నాకు పొదల మీద ఆశ కొంచెం తగ్గేది. ఆవిడకి గోంగూర అంటే ఊరికే ఆకుకూర కాదని కనిపిస్తూనే ఉంది.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం జాడీ తెరిచాం. రంగు దాదాపు నలుపు, అంచున నూనె ఎర్రగా తేలింది. వేడన్నం, నెయ్యి, చక్రాల్లా తరిగిన ఉల్లిపాయ. గోంగూర పచ్చడికి చేసే మర్యాదలన్నీ చేశాం. నేను తినలేదు. ఆంటీ మొహం చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ ఒక ముద్ద తిన్నారు. ఉల్లిపాయ కొరికారు. ఇంకో ముద్ద తిన్నారు. మంచినీళ్లు తాగారు.

"గోంగూర కాదమ్మా ఇది," అన్నారు నెమ్మదిగా. "గోంగూరకి ఒక జిగురుంటది. నోరంతా పట్టుకుని వదలదు. దీనికి అది లేదు. నీ మనసు కోసం అబద్ధం ఎందుకు చెప్పాలి?"

తల ఊపాను. ఊపడం నాకు బాగా అలవాటైన పని.

"గోంగూర గాకపోతే ఏమాయె?" అన్నారు అంకుల్. అప్పటికే ఆయన కంచంలో రెండోసారి అన్నం పడింది, దాని మధ్యలో తొక్కు గుంట కూడా పెద్దదే. "మంచిగుంది. పంటికి ఇసుక లేదు, తీపి లేదు."

"మనం అనుకున్నదేంటి? గోంగూర పని చేస్తేనే అని."

"చేస్తలేదా? నేను తింటలేనా?"

"మీరు తింటే సరా? మరి నా గోంగూర ఎక్కడ పెట్టమంటారు, మీ నెత్తి మీదా?"

అంకుల్ ఉల్లిపాయ చక్రం పట్టుకుని ఆగిపోయారు. గాజు తలుపు అవతల పెరడు మొత్తం కనిపిస్తోంది. డెక్ మీద ముడుచుకున్న కుండీలు, చివర్న పొదలు, ఆ మధ్యలో పచ్చగా, నున్నగా, ఎండలో మెరుస్తూ ఖాళీగా పరుచుకున్న చోటు. ఏప్రిల్ నుంచీ నాకు కనిపిస్తూనే ఉంది. అందరికీ కనిపిస్తూనే ఉండి ఉంటుంది.

"లాన్‌లో," అన్నాను.

"ఓ మై గాడ్, అక్కా," అంది వాళ్లమ్మాయి గుసగుసగా.

"ఏ లాన్?" అన్నారు అంకుల్.

"మీ లానే అంకుల్." గాజు తలుపు వైపు వేలు చూపించాను. "ఎండ అక్కడ కూడా పడుతుంది కదా. మొత్తం కాదు, ఒక పక్కన తవ్వితే చాలు. గోంగూరా ఉంటుంది, తొక్కూ ఉంటుంది."

ముందు ఆంటీ నవ్వారు. పొలమారేదాకా నవ్వారు. "పన్నెండేళ్లయింది ఈ ఇంటికొచ్చి. ఈ మాట నా నోట రాలేదు! ఏమండీ, తేల్చుకోండి మరి. గడ్డి తింటారా, తొక్కు తింటారా?"

అంకుల్ జాడీ వైపు చూశారు. లాన్ వైపు చూశారు. మళ్లీ జాడీ వైపు చూసి, పొడి గరిటెతో ఇంకాస్త వేసుకున్నారు.

"ఎంత వెడల్పు?" అన్నారు, కంచంలోకి చూస్తూ.

అక్టోబర్‌లో ఒక శనివారం సన్నటి తుంపరలో ఆ పార బయటికొచ్చింది. అంకుల్ గడ్డిని చాపలా పలకలు పలకలుగా లేపుతూ, ప్రతి పలకకీ ఒక నిట్టూర్పు విడుస్తున్నారు. ఆంటీ గొడుగు పట్టుకుని, వచ్చే వేసవికి ఎక్కడ ఏ వరుస వస్తుందో చేత్తో గాలిలో గీస్తున్నారు. నేను కత్తెర తీసుకుని పొదల దగ్గరికి వెళ్లి, ముదిరి నల్లబడ్డ కొమ్మలని మొదలంటా కత్తిరించడం మొదలుపెట్టాను. ఒకటి, ఇంకొకటి, ఆపైన లావుపాటిది ఇంకొకటి.

అంకుల్ పార ఆపి, కంగారుగా ఇటు వచ్చారు.

"గింతగనం నరుకుతున్నవేంది బిడ్డా? గట్ల కొట్టేస్తే వచ్చేయేడు తొక్కు ఎట్ల?"

"కొత్త కొమ్మలకే బాగా కాస్తాయి అంకుల్," అన్నాను, కత్తెర ఆపకుండా. "మీరు తవ్వండి."